పై గుండీ

ఫిబ్రవరి 3

బుల్లికి,

క్షేమంగా చేరాం. కిటికీ పక్క సీటు కోసం మీ వదిన కండక్టరుతో పెట్టుకున్న గొడవ తప్ప దారిలో విశేషాలేమీ లేవు. గొడవలో ఆవిడే గెలిచింది. గెలిచాక ఆ సీటు నాకిచ్చేసి, ఎండ తగులుతోందని తను ఇవతల కూర్చుంది.

మీ ల్యాబులో మా ఇద్దరికీ రక్తం తీశారు, మెడకి జిగురు రాసి స్కానింగు చేశారు. అంతవరకు సరే. తల వెనక జుట్టు కత్తిరించినందుకు మాత్రం మీ వదిన నిన్నింకా క్షమించలేదు. "రోగం లేనివాళ్ళు కావాలని పిలిచి రోగం తెప్పించేలా ఉంది మా ఆడపడుచు. మొక్కజొన్న పీచు పీకినట్టు పీకింది" అంటూ బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ జడ ఎత్తి చూపిస్తోంది. ఆ జుట్టుతో మీరేం చేస్తారో నువ్వు చెప్పావుగానీ నాకు పూర్తిగా ఎక్కలేదు. వీలైతే రాయి.

ఇక్కడ అంతా మామూలే. నేను కరెంటాఫీసులో ఫిర్యాదుల కౌంటరు, ఆవిడ ముందుగదిలో కుట్టుమిషను. ఆఫీసులో నన్ను ఫ్రిజ్జు అంటున్నారు. కరెంటు పోయినా చల్లగా ఉండే ఫ్రిజ్జు ఇదొక్కటేనని క్యాషియరు గారి ఛలోక్తి. ఈ మాట చెబితే మీ వదిన, "అయితే నేను పొయ్యినన్నమాట. వండి పెట్టేది పొయ్యే, గుర్తుంచుకోండి" అంది.

నిన్న మళ్ళీ చొక్కా పై గుండీ పోయింది. "పసిపిల్లాడికి కూడా ఇన్ని గుండీలు రాలవు. ఆఫీసులో ఏం చేస్తారు, నములుతారా?" అని చాలాసేపు చీవాట్లు పెట్టింది. ఈసారి తెగకుండా నైలాన్ దారం నాలుగు పేటలు వేసి, వెనక గుడ్డముక్క కూడా పెట్టి కుట్టింది. మంచిదే.

రోజు లెక్క రాసుకున్నాక మిగిలిన కాగితం మీద రాస్తున్నాను. చోటు అయిపోయింది.

అన్నయ్య


మార్చి 1

అన్నయ్యా,

ఈ ఉత్తరం నువ్వు ఒక్కడివే ఉన్నప్పుడు చదువు.

ముందు జుట్టు సంగతి చెబుతాను, అది తెలిస్తేగానీ మిగతాది అర్థం కాదు. మనిషికి ఆందోళన కలిగినప్పుడు ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను ఊరుతుంది. రక్తంలో చూస్తే ఆ పూట సంగతే తెలుస్తుంది. పొద్దున ఒకలా ఉంటుంది, సాయంత్రానికి ఇంకోలా. జుట్టు అలా కాదు. నెలకి దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతూ, ఆ నెలలో ఒళ్ళు పడ్డ అవస్థని కొంచెం తనలో ఉంచుకుంటుంది. కుదుళ్ళ దగ్గరి మూడు సెంటీమీటర్లు కత్తిరిస్తే గడిచిన మూడు నెలలు మా ముందు ఉన్నట్టే. మనిషి నవ్వుతూ అబద్ధం చెప్పగలడు. వెంట్రుకకి ఆ విద్య రాదు.

అది ఎక్కువగా ఉన్నవాళ్ళలో రక్తనాళాలు గట్టిపడటం కూడా ఎక్కువగా కనబడుతోందా అన్నదే మా డాక్టరమ్మ చూస్తున్నది. దానివల్లే ఇది వస్తుందని ఇంకా ఎవరూ ఒట్టేసి చెప్పలేరు. రక్తంలో సి.ఆర్.పి. అని ఇంకొకటి చూస్తాం. లోపల ఎక్కడో రాజుకుంటుంటే అది పెరుగుతుంది. మెడ స్కానింగులో నాళం గోడ ఎంత మందమైందో కనిపిస్తుంది.

మీ ఇద్దరి ఫలితాలూ నిన్న నా బల్ల మీదికి వచ్చాయి. ఒకరివి పాతికేళ్ళ పిల్లవాళ్ళకి ఉన్నట్టున్నాయి. రెండోవారివి నమ్మలేకపోయాను. సీసాల మీద నంబర్లు తారుమారయ్యాయేమోనని మళ్ళీ పరీక్ష చేశాను. అవే వచ్చాయి. మెడలో నాళం చాలావరకు పూడుకుపోయింది, అన్నయ్యా.

ఎవరివని రాయకూడదు. కవరు డాక్టరమ్మ చేతులమీదుగా ఆ మనిషికే ఇవ్వాలి, రూలు అది. ఆవిడ ఊళ్ళో లేదు, ఏప్రిల్ రెండోవారంలో వస్తుంది. అంతదాకా ఆగొద్దు. మీ ఊళ్ళోనే గుండె డాక్టరుకి వెంటనే చూపించాలి. రూలు దాటి ఇంతవరకు రాశాను. ఇంకా దాటమనకు.

బుల్లి


మార్చి 7

బుల్లికి,

మీ వదిన దారపుకండెలు కొనడానికి వెళ్ళిన సమయంలో నీ ఉత్తరం వచ్చింది. మెట్ల మీద నిలబడి చదివాను. చదివాక ఇంట్లోకి వెళ్ళకుండా చాలాసేపు అక్కడే ఉండిపోయాను. పై వాటావాళ్ళు దిగుతూ తాళం మరిచిపోయారా అని అడిగారు. అవునన్నాను.

నువ్వు పేరు రాయలేదు. రాయక్కర్లేదు కూడా. మా ఇద్దరిలో అది ఎవరిదో నాకు తెలియదా?

ఒక మాట. మీ వదినకి ఇది తెలియకూడదు. తెలిస్తే తట్టుకోలేదు. ఇకమీదట ఉత్తరాలు ఆఫీసు చిరునామాకి రాయి. ఫోన్లో ఈ ప్రసక్తి వద్దు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆవిడ చేతిలోనే ఉంటుందని నీకు తెలుసు. నాకు ఫోన్లో మాట పెగలదనీ తెలుసు.

ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలో వివరంగా రాయి. అన్నీ చేస్తాను. వచ్చే వారం డాక్టరు దగ్గరికి వెళతాం.

నిన్న కౌంటరులో ఒకాయన మీటరు నంబరు చెబుతుంటే నాకు వినబడలేదు. మూడుసార్లు చెప్పించుకున్నాను. ఇంతకుముందు ఎప్పుడూ అలా జరగలేదు.

అన్నయ్య


మార్చి 14

అన్నయ్యా,

"తెలియదా" అన్నావు చూడు, అక్కడ నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ నీకు తెలుస్తూనే ఉందన్నమాట. తెలిసీ ఒక్కరితోనూ అనలేదన్నమాట. నీ పద్ధతే అంత. చిన్నప్పుడు తలుపు సందులో వేలు నలిగితే, జేబులో చెయ్యి పెట్టుకుని నాకు లెక్కలు చెప్పావు. జేబు ఎర్రబడితేగానీ అమ్మకి తెలియలేదు.

వదినకి చెప్పొద్దంటున్నావు. అది తప్పని నా ఉద్దేశం. కానీ ఇది చెప్పే హక్కు నాది కాదు. నీ ఇష్టం.

బరువులెత్తకూడదు. మెట్లు ఎక్కడం తగ్గించాలి. ఉప్పు, నూనె సగానికి సగం తగ్గాలి. గంటల తరబడి ఒకేచోట కూర్చోకూడదు. మనసుకి కష్టం కలిగించే చోటికి దూరంగా ఉండాలి, వీలైతే కొన్నాళ్ళు సెలవు పెట్టాలి. ఛాతీలో పట్టేసినట్టున్నా, ఎడమ చెయ్యిగానీ దవడగానీ లాగినా క్షణం ఆలస్యం చేయొద్దు.

డాక్టరు ఏమన్నాడో రాయి. నువ్వు "చేస్తాను" అంటే చేస్తావు. ఆ ధైర్యంతోనే నిద్రపోతున్నాను.

బుల్లి


మార్చి 29

బుల్లికి,

నువ్వు రాసినవన్నీ అమలులో ఉన్నాయి. ఉప్పు తగ్గించాం. సాయంత్రాలు నడక పెట్టాం. డాక్టరు సంగతి మాత్రం కుదరలేదు. రెండుసార్లు చీటీ తీసుకున్నాను. రెండుసార్లూ మీ వదిన గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగింది. "నాకేం రోగం? గుండ్రాయిలా ఉన్నాను. మీ చెల్లెలు జుట్టు కత్తిరిస్తే మీరు గొంతు కత్తిరిస్తారా?" అంది. మూడోసారికి ఎలాగైనా ఒప్పిస్తాను.

కుట్టుమిషను బెల్టు తీసి దాచాను. తెగిపోయిందని, కొత్తది దొరకడం లేదని చెప్పాను. ఆవిడతో అబద్ధం చెప్పడం ఇదే మొదటిసారి. ఒప్పుకున్న బట్టలు పక్కవీధి టైలరుకి ఇచ్చి కుట్టిస్తున్నాను. ఆఫీసు నుంచి రాగానే మూటలు నేనే మోసుకెళ్ళి ఇచ్చి, కుట్టినవి మూడంతస్తులూ ఎక్కించి తెస్తున్నాను. నీళ్ళు, గ్యాసుబండ కూడా నేనే. మెట్ల మీద ఆవిడ అడుగు పడనివ్వడం లేదు.

ఫోను మోగితే కంగారుపడుతుందని పగలంతా కట్టేసి బీరువాలో పెడుతున్నాను.

గట్టిగా మాట్లాడవద్దని కూడా చెప్పాను. గుండెకి మంచిది కాదని చెప్పలేను కదా, ఇరుగుపొరుగు అనుకుంటున్నారని చెప్పాను. ఆవిడ, "ఇన్నేళ్ళకి నా గొంతు చేదయిందా?" అంది. అప్పటినుంచి మాట్లాడటం దాదాపు మానేసింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నాకు నిశ్శబ్దం ఇష్టమని అందరూ అనుకుంటారు, నేనూ అనుకున్నాను. ఆఫీసు నుంచి వస్తూ కింది మెట్టు దగ్గరే ఆవిడ గొంతు వినబడితే, పొద్దుటినుంచి పడినదంతా అక్కడితో దిగిపోయేదని ఇప్పుడు తెలుస్తోంది.

మొన్న కాళ్ళు పడతానన్నాను. మంచం మీంచి దూకి లేచింది. "ఎవరో ఉన్నారు. లేకపోతే ఈ వయసులో నా కాళ్ళు పట్టే ఖర్మ మీకేంటి? ఆఫీసుకి ఉత్తరాలు వస్తున్నాయని క్యాషియరు గారి భార్య చెప్పింది. ఎవరది?" అని అడిగింది. నీవని చెబితే చూపించమంటుంది. ఏమనను?

ఆవిడ ముందు పోతే ఎలా అన్న ఆలోచన రానివ్వకూడదని చూస్తున్నాను. కౌంటరులో కూర్చున్నప్పుడు కూడా వస్తోంది.

నాకేం ఫరవాలేదు. మూటల మూలాన ఎడమ చెయ్యి, దవడ కాస్త లాగుతున్నాయి. బరువులు అలవాటు లేక.

అన్నయ్య


ఏప్రిల్ 2

అన్నయ్యా,

వదినకి ఏమీ లేదు. వదినది కాదు. నీది. అది నీది.

పాతికేళ్ళ పిల్లవాళ్ళలా ఉన్నాయన్నవి వదినవి. జుట్టు కూడా అంతే, అందరితో పోట్లాడే మనిషి జుట్టులో పోట్లాట జాడే లేదు. గట్టిపడింది నీ నాళాలు. జుట్టులో కార్టిసాల్ పొంగిపోయి ఉన్నది నీకు. "తెలియదా" అంటే నీ సంగతి నీకు తెలుసంటున్నావనుకున్నాను. వదిన అనుకుంటావని నాకు తట్టనేలేదు. రూలు రూలని నోరు మూసుకుని, నీ చేత మూటలు మోయించాను.

నీ ఉత్తరం చదివిన దగ్గరనుంచి ఫోను చేస్తూనే ఉన్నాను. ఇంటి ఫోను మోగదు. ఎందుకు మోగదో నువ్వే రాశావు. మీ ఆఫీసు నంబరుకి చేస్తే "మీ ఫిర్యాదు మాకు ముఖ్యం, వేచి ఉండండి" అని రికార్డు వినిపిస్తోంది. వింటూ వింటూ నేను ఆ రికార్డు మీద అరిచాను. ల్యాబులో అందరూ తిరిగి చూశారు.

మీ ఊరు వచ్చే బస్సు డ్రైవరు చేతికి ఈ ఉత్తరం ఇచ్చి, కౌంటరు దాకా తెచ్చి నీ చేతిలో పెట్టమని బతిమాలాను. నాకు మారుగా ఇంకొకరు వచ్చేవరకు ల్యాబు వదలడానికి లేదు. రేపు పొద్దున అక్కడ ఉంటాను.

చెయ్యి, దవడ లాగడం మూటల వల్ల కాదు. ఇది చదవగానే లే. పక్కనున్నవాళ్ళు ఎవరైనా సరే చదవండి: ఈయనకి గుండెజబ్బు ఉంది, నడిపించకుండా వెంటనే గుండె ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఈ కాగితం డాక్టరుకి చూపించండి.

బుల్లి


ఏప్రిల్ 21

బుల్లమ్మా,

నాకు రాయడం అలవాటు లేదు. మాట్లాడినట్టే రాస్తాను, తప్పులుంటే సర్దుకో.

నువ్వు తిరిగి మీ ఊరికి బస్సెక్కాక మూడోనాడు మీ అన్నయ్యని ఇంటికి పంపించారు. గుండెలో వేసిన రెండు స్టెంట్లూ బాగా పనిచేస్తున్నాయన్నారు. మెడలో నాళానికి ఇప్పటికి మందులే చాలన్నారు. పడుకున్నారు. లేస్తే కాగితం లాక్కుంటారు, అందుకే ఇప్పుడు రాస్తున్నా.

ఆసుపత్రిలో నీకు చెప్పని సంగతులు రెండున్నాయి. నాకూ తర్వాతే తెలిశాయి. క్యాషియరు గారు చూడటానికి వచ్చి చెప్పారు.

ఆ రోజు నీ ఉత్తరం కౌంటరు కన్నంలోంచి డ్రైవరు ఇచ్చాడట. చదివారట. చదివి నవ్వారట! "మా ఆవిడకేం లేదటండీ" అని క్యాషియరు గారితో అన్నారట. ఆయన ఈ మనిషి అలా పళ్ళు కనబడేట్టు నవ్వగా ఎప్పుడూ చూళ్ళేదట. లేవమని రాశావు కదమ్మా. లేచారా? కాగితం జేబులో పెట్టుకుని, వరుసలో ఇంకా మనుషులున్నారని వాళ్ళ ఫిర్యాదులు కూడా రాసుకున్నారట. చివరాయనకి రసీదిచ్చి లేచి, అక్కడే కూలిపోయారు. జేబులోంచి నీ కాగితం తీసి చదివి, క్యాషియరు గారే కుర్చీతో సహా ఎత్తించి ఆటోలో వేశారు. నీ ఉత్తరం లేకపోతే ఎండదెబ్బని మొహాన నీళ్ళు కొట్టి కూర్చునేవాళ్ళు.

ఇది విని నేను మామూలుగా నోరు చేసుకున్నా. "చూశారా అన్నయ్యగారూ, ఇదీ ఈయన అశ్రద్ధ! ఆసుపత్రివాళ్ళు కోసిచ్చిన చొక్కా చూడండి, పై గుండీ మళ్ళీ లేదు. గుడ్డతో సహా ఊడింది. ఎంత గట్టిగా కుట్టినా నిలవదు" అన్నా. క్యాషియరు గారు తల దించుకున్నారు. టీ గ్లాసు కింద పెట్టేశారు.

"అమ్మా, గుండీ రాలిపోవడం కాదమ్మా. లాగేస్తారు" అన్నారు.

ఎవరు అన్నాను.

"కరెంటు పోయి, బిల్లు ఎక్కువొచ్చి వస్తారు కదమ్మా. అరుస్తారు. ఈయన చల్లగా సమాధానం చెబుతుంటే ఇంకా మండుతుంది. కన్నంలోంచి చెయ్యి పెట్టి కాలరు పట్టుకుంటారు. ఆ కన్నానికి అడ్డంగా అద్దం పెట్టించమని ఎన్నిసార్లు అడిగినా పెట్టలేదు. మీకు చెప్పలేదా?"

బుల్లమ్మా, విన్నావా? నేను ఊళ్ళో అందరి గుండీలూ కుట్టినదాన్ని. తెగిన దారం చూస్తే అరిగి తెగిందో లాగితే తెగిందో చెప్పగలను. మా ఆయన చొక్కా దగ్గర మాత్రం చూడలేదు. తిడుతూ కుట్టాను. తిడుతుంటే చూడం కదా.

ఇంకోటి. మామూలు దారంతో కుట్టినన్నాళ్ళూ వాళ్ళు లాగగానే గుండీ తెగిపోయి మెడ వదిలేది. నేను నాలుగు పేటలు వేశాను. వెనక గుడ్డ పెట్టాను. తెగకుండా కుట్టాను. వాళ్ళు ఆ కాలరు పట్టుకుని ఆడించారు, గుడ్డ చినిగేదాకా దారం తెగలేదు. నేనే తెగకుండా చేశాను. "గట్టిగా కుట్టావు, మంచిదే" అన్నారు ఈయన.

ఈయన్ని ఏమీ అడగలేదు ఇంకా. అడిగితే "ఫరవాలేదు" అంటారు. ఆ మాట వింటే ఈసారి నేనే కాలరు పట్టుకుంటానేమో.

మీ వదిన


ఏప్రిల్ 28

వదినా,

నీ ఉత్తరం ల్యాబులో విప్పాను. చదివాక సీసాలు సర్దలేక అన్నీ అలాగే వదిలేసి బయటికొచ్చి నిలబడ్డాను.

ఎంత అవస్థ ఉందో వెంట్రుక చెప్పింది. ఎందుకుందో చెప్పలేదు. మెడ స్కానింగప్పుడు అన్నయ్య కాలరు విప్పింది నేనే వదినా. మెడ చుట్టూ ఎర్రగా గీత ఉంది. "ఏంటిది?" అంటే "మీ వదిన కాలరు బిగువుగా కుట్టింది" అన్నాడు. నవ్వాను. గీత మీదే జిగురు రాయించాను.

నీ దారం వల్ల కాదు. ఒక్క దారం వల్ల ఇంత జబ్బు రాదు, ఏళ్ళు పడుతుంది. సిగరెట్టు తాగకపోయినా, ఒళ్ళు లేకపోయినా, వయసు, వంశం, ఇలాంటివి ఎన్నో కలిస్తే వస్తుంది. డాక్టరమ్మ నీకు ఫోన్లో చెప్పిందీ అదే. నమ్ము.

అన్నయ్యని ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోనివ్వకు. నువ్వు గట్టిగా మాట్లాడు. అన్నయ్య చేతా మాట్లాడించు. మూడు నెలలయ్యాక తల వెనక నుంచి, కుదుళ్ళకి దగ్గరగా, కాస్త జుట్టు కత్తిరించి పంపు. ఈసారి పరిశోధన కోసం కాదు, నా కోసం.

బుల్లి


జులై 30

బుల్లికి,

జుట్టు ఈ కవరులో ఉంది. కుదుళ్ళవైపు ఎర్రదారం కట్టింది మీ వదిన. కత్తిరించింది కూడా ఆవిడే, బట్టల కత్తెరతో. "మొక్కజొన్న పీచు" అని పగ తీర్చుకుంది.

మీ వదిన మా పెద్దసారు గదిలోకి వెళ్ళిన సంగతి నీకు చెప్పే ఉంటుంది. చినిగిన చొక్కా ఆయన బల్ల మీద పరిచిందట. గొంతు కింద వీధిలోకి వినబడిందని క్యాషియరు గారు అన్నారు. కౌంటరుకి అద్దం వచ్చింది. నన్ను లోపలి గదికి మార్చారు. అక్కడ పాత మీటర్లు, నేను. ఎవరూ అరవరు. మొదట్లో చెవులు హోరుమన్నాయి.

నా చేత మాట్లాడించమని నువ్వు రాశావట. సాయంత్రం గుమ్మంలోనే నిలబెట్టి, "ఇవాళ ఏమైందో చెప్పి లోపలికి రండి" అంటోంది. ఏమీ కాలేదంటే తలుపు తీయదు. పై వాటావాళ్ళు మెట్లు దిగుతూ చూస్తున్నారు. కొన్నాళ్ళు కల్పించి చెప్పాను. అవి కల్పితాలని పట్టేసింది. తర్వాత ఒకరోజు కౌంటరు సంగతి చెప్పాను. మొదటిసారి కాలరు పట్టుకున్నాయన ఎలా ఉంటాడో, ఏమన్నాడో. అతని ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదు, ఫ్యాను తిరగడం లేదు. అదీ చెప్పాను. చెబుతుంటే నా గొంతు పెరిగిపోయింది. నేను అరుస్తున్నానని నాకు తెలియలేదు. పక్కింటాయన తలుపు తీసి, మీ వదినే అనుకుని, నన్ను చూసి మళ్ళీ వేసుకున్నాడు.

మీ వదిన నవ్వింది. తర్వాత ఏడ్చింది. తర్వాత అన్నం పెట్టింది.

ఎందుకు చెప్పలేదని ఒక్కసారే అడిగింది. "కింది మెట్టు దగ్గర నీ గొంతు వినబడగానే దిగిపోయేది, ఇక చెప్పడానికి మిగిలేది కాదు" అన్నాను. నేను నిజంగా అలాగే అనుకున్నాను, బుల్లీ. దిగిపోవడం లేదని, ఎక్కడికి పోతోందో నీ యంత్రాలు చెబితేగానీ తెలియలేదు.

ఆ చొక్కాకి కొత్త కాలరు వేసింది. పై గుండీ మామూలు దారంతో, ఒక్క పేటతో కుట్టింది. లాగితే వచ్చేస్తుంది. ఆఫీసు నుంచి రాగానే ముందు దాన్నే తడిమి చూస్తుంది, తర్వాత మొహం చూస్తుంది.

చెప్పాల్సింది ఇంకా ఉంది.

అన్నయ్య